‘గీడ’ అనకూడని బడి

“బేగం బజార్ల జాపత్రి దొరుకుతలేదు.”

“గౌలిగూడల అడిగి చూసిన్రా?”

కోడ్ వర్డ్ సరిపోయింది. ఆబిడ్స్ ఇరానీ హోటల్లో ఏజెంట్ ఇంద్రసేన కుర్చీ లాక్కుని వామన్‌రావు ఎదురుగా కూర్చున్నాడు. అది 1942.

వామన్‌రావు నాంపల్లి మంత్రాల బడికి పెద్ద. పైకి అది ఇత్తడి సామాన్ల గోదాం. లోపల నలభై మంది పిల్లలు. ఆ బడికి జవాన్లు లేరు, తుపాకులు లేవు. రోజూ పొద్దుగూకే వేళ పిల్లలంతా గేటు ముందు నిలబడి మంత్రం చెబుతారు. మర్నాటి దాకా గేటు పరాయివాడికి తెరుచుకోదు. ఆ మంత్రానికి ఒకే ఒక్క రూల్: అమ్మ ఏ మాటలతో తిట్టి పెంచిందో ఆ మాటల్లోనే చెప్పాలి.

“గేటు గడియ వదులైతున్నది,” అన్నాడు వామన్‌రావు. “జర్మన్ ముఠా ఇయ్యాల పిల్లలను ఎత్తుకపోతదని ఖబర్. వాండ్ల మంత్రాలు యుద్ధంల వాడుకుంటరట. లోపటోడెవడో మన మంత్రం అమ్మిండు. పట్టుకో.”

“ఎవరి మీద అనుమానం?”

“అందరి మీద. ఒక్క సౌభాగ్య టీచర్ మీద తప్ప. ఆమె వచ్చినంక పిల్లల భాష ఎంత మంచిగైందో!”

ఇంద్రసేన పళ్ళు కొరికాడు. చిన్నప్పుడు ‘అక్కడ’ అనకుండా ‘గాడ’ అన్నందుకు తనూ బెత్తం దెబ్బలు తిన్నవాడే. మంచి భాష అన్న మాట వింటేనే ఒళ్ళు మండుతుంది.

షేర్వాణీ, రూమీ టోపీ, కళ్ళజోడు. స్కూల్ ఇన్‌స్పెక్టర్ వేషంలో వామన్‌రావు వెంట గోదాంలోకి వెళ్ళాడు. చేతికి అబద్ధం వింటే వేడెక్కే రిస్ట్ వాచ్.

సౌభాగ్య గౌలిగూడ పిల్లే. కానీ ఆ పట్టుచీర, ముత్యాల దండ, సెంటు చూస్తే ఎవరూ నమ్మరు. మాట వింటే అసలే నమ్మరు.

“‘గీడ’ కాదు, ‘ఇచ్చట’. ‘రానియ్యకు’ కాదు, ‘రానీయకుము’. మోటుమాట వినిపిస్తే వీపు పగులుతుంది!” అంటూ బెత్తం ఊపింది.

వాచ్ చల్లగానే ఉంది. నిఘంటువు ప్రకారం ఆమె చెప్పేదంతా కరెక్టే మరి.

పొద్దుగూకింది. పిల్లలు గేటు ముందు వరుస కట్టారు.

“ఓ ద్వారమా! అన్యులను ఇచ్చటికి రానీయకుము!”

గడియ కిర్రుమంటూ జారిపోయింది.

ఇంద్రసేనకు అరికాలి మంట నెత్తికెక్కింది. మంత్రం ఎవడూ అమ్మలేదు. అమ్మాల్సిన పనే లేదు! జర్మన్ల డబ్బు తిని పిల్లల నోళ్ళలోంచి అమ్మల మాటలు పీకేస్తే చాలు, గేటు దానంతటదే తెరుచుకుంటుంది. మంచి తెలుగైనా తెలుగే కదా అనుకున్నాడు వామన్‌రావు పెద్దమనిషి. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఈయన ఆ దొంగకు పిలిచి శాలువా కప్పాడు.

బయట కారు ఆగింది. ఇద్దరు తెల్లవాళ్ళు గేటు నెట్టారు. సందులోంచి పిస్టల్ పట్టిన చెయ్యి లోపలికొచ్చింది.

“పిల్లలూ! మీ అమ్మలు ఎట్ల తిడతరో గట్ల చెప్పుండ్రి!” అరిచాడు ఇంద్రసేన.

పిల్లలు పిస్టల్‌ను చూడలేదు. సౌభాగ్య చేతిలోని బెత్తాన్ని చూశారు. తుపాకీ కంటే బెత్తానికి భయపడే పిల్లలు! ఇంద్రసేన బెత్తం లాక్కుని మోకాలికేసి విరిచాడు.

కొండమ్మ అనే పిల్ల ముందుకొచ్చింది.

“ఏయ్ తలుపు! నీకు శిగ్గున్నదా? వాండ్లు గీడికి వస్తుంటే గట్ల సూస్తవేంది? మూసుకో! లేకుంటే నీ పని జెప్త!”

అన్ని నోళ్ళూ ఒక్కసారే అందుకున్నాయి. గేటు ధడేల్మని మూసుకుంది. పిస్టల్ లోపల పడింది. చెయ్యి ఇరుక్కున్నవాడు జర్మన్‌లో ఏడుపు మొదలెట్టాడు. పారిపోబోయిన రెండోవాణ్ణి నాంపల్లి స్టేషన్ ముందు టాంగావాళ్ళు పట్టుకుని కుళ్ళబొడిచారు.

సౌభాగ్య గేటు దగ్గరికి పరుగెత్తింది. “ద్వారమా, తెరచుకొనుము!”

గేటు కదల్లేదు.

“నీది గౌలిగూడనే గద,” అన్నాడు ఇంద్రసేన. “మీ అమ్మ ఎట్ల తిట్టేదో గట్ల అను. తెరుసుకుంటది. పోతవు.”

ఆమె నోరు తెరిచింది. మళ్ళీ మూసింది. 

“జ్ఞాపకం రావడం లేదు,” అంది.

అతనికి జాలి కలగలేదు. బేడీలు వేశాడు.

“శాబాష్!” అన్నాడు వామన్‌రావు చెమట తుడుచుకుంటూ. “రిపోర్ట్ రాసియ్యి. జర మంచి తెలుగుల రాయి.”

“వద్దు సార్,” అన్నాడు ఇంద్రసేన. “గేటు మల్ల తెరుసుకుంటది.”