కాళ్లలోకి దిగిన నెత్తురు

రాధాకృష్ణ మంచం మీద ఓ పక్కకి ఒత్తిగిలి, మోకాళ్లు ముడుచుకుని ఉన్నాడు. ఎవరు చూసినా నిద్రపోతున్నాడనే అనుకుంటారు.

ప్రాణం పోయి అప్పటికి రాత్రంతా గడిచిపోయింది.

1999 నవంబరు. సిడ్నీ, హారిస్ పార్క్. కొత్త సంవత్సరం రాగానే కంప్యూటర్లన్నీ కుప్పకూలిపోతాయని లోకం హడలిపోతున్న రోజులు. రాధాకృష్ణ ఆ వైటూకే కోడ్ సరిచేసే ప్రోగ్రామర్.

భార్య జ్ఞానప్రసూన నర్సింగ్ హోమ్‌లో నైట్ షిఫ్ట్ ముగించుకుని పొద్దున ఏడింటికి వచ్చి చూసింది. పోలీసులకి ఫోన్ చేసింది ఆమే. మధ్యాహ్నానికల్లా అనుమానం వచ్చి పడిందీ ఆమె మీదే.

ఆ పుణ్యం సుబ్బరాజుది. రాధాకృష్ణ యజమాని. దగ్గర్లోని టూంగాబీలో తన ఇంటి గరాజ్‌నే ఆఫీసు చేసుకున్న ఘనుడు.

"నిన్న సాయంత్రం ఐదింటికే ఇంటికెళ్లాడు మేడమ్. రోజూ గొడవలే వాళ్లకి. అన్నంలో ఏం కలిపిందో ఏమో!"

డిటెక్టివ్ సార్జెంట్ లతీఫా కర్నూలు మనిషి. అడక్కుండానే చాడీలు చెప్పేవాళ్లంటే ఆమెకి ఒళ్లుమంట.

"నన్ను అరెస్ట్ చేస్తారా మేడమ్?" అంది జ్ఞానప్రసూన. "మా పాపకి నాలుగేళ్లు. నా నైట్ షిఫ్టులప్పుడు పక్కింట్లో పడుకుంటుంది. ఇక్కడ మాకు చుట్టాలెవరూ లేరు."

"నిన్న మీ ఆయనతో మాట్లాడినావా?"

"రెండ్రోజులుగా ఇంటికి రాలేదని సాయంత్రం ఏడింటికి ఆఫీసుకి కాల్ చేశా. రాజు గారు ఎత్తారు. పడుకున్నాడు, లేపొద్దన్నారు."

"పచ్చి అబద్ధం!" అన్నాడు సుబ్బరాజు.

ఇద్దరిలో ఎవరిది నిజం?

జవాబు మార్చురీలో దొరికింది.

"పాయిజన్ లేదు," అంది పోస్ట్‌మార్టం చేసిన డాక్టర్ షిఫా. "గుండె నెత్తుర్ని కాళ్లదాకా తోస్తుంది. అది మళ్లీ పైకి రావాలంటే పిక్కలు కదలాలి. ఇతను చాలాసేపు కదలకుండా కూర్చున్నాడు. పిక్కలో నెత్తురు గడ్డ కట్టింది. ఆ గడ్డ గుండెలోంచి ఊపిరితిత్తులకి పోయి అడ్డం పడింది."

"గుండె ఆగినాక?"

"తోసేవాడు లేడు కదా! నీళ్లలాగా పల్లానికి దిగుతుంది. గంటలు గడిస్తే అక్కడే నిలిచిపోతుంది. ఇక ఎటు తిప్పినా కదలదు. చూడు."

రెండు పాదాలు, పిక్కలు, చేతివేళ్లు కమిలి నల్లబడ్డాయి. మంచానికి ఆనిన పక్క మాత్రం పాలిపోయి ఉంది. తొడల కింద కుర్చీ అంచు నొక్కిన తెల్లటి చార.

"కూర్చునే పోయాడు. పోయాక కూడా గంటలకొద్దీ కూర్చునే ఉన్నాడు. ఇంకోటి, నాలుక కింద ఈ ఆకు. దవడ బిగుసుకోక ముందే పెట్టారు."

లతీఫా ఆకుని వాసన చూసింది. కర్నూల్లో పక్కింటి శారదాంబ పోయినప్పుడు కోడలు నోట్లో ఏం పెట్టిందో గుర్తొచ్చింది.

ఆ సాయంత్రమే జ్ఞానప్రసూనని వెంటబెట్టుకుని టూంగాబీ గరాజ్‌కి వెళ్లింది. వరసగా కంప్యూటర్లు. మూల దేవుడి పటాలు. కిటికీలో తులసి కుండీ.

"ఈమె ఇంట్లో తులసి మొక్క లేదు రాజు గారూ. మీ దగ్గరుంది."

సుబ్బరాజు మొహంలో నెత్తురు చుక్క లేదు.

"పోయిన మనిషి నోట్లో తులసి వేయకుండా ఉండలేకపోయినారు. అంబులెన్స్‌కి ఫోన్ చేయకుండా మాత్రం ఉండగలిగినారు! ఎందుకు?"

"నిన్న రాత్రికి కోడ్ పంపాలి మేడమ్," అన్నాడు సుబ్బరాజు. "రెండ్రోజులు లేవనివ్వకుండా చేయించా. సాయంత్రం ఆరింటికి చూస్తే ఊపిరి లేదు. పోలీసులొస్తే గరాజ్‌కి తాళం వేస్తారు, కాంట్రాక్ట్ పోతుంది. మిగిలింది నేనే పూర్తి చేశా. తెల్లవారుజామున కార్లో తీసుకెళ్లి, అతని తాళంచెవితోనే తలుపు తీసి ఇంట్లో పడుకోబెట్టి వచ్చా. నేను చంపలేదు మేడమ్!"

"చంపలేదు. కానీ ఆ పాపకి తల్లిని కూడా లేకుండా చేయబోయినారు."

జ్ఞానప్రసూన మూలనున్న భర్త కుర్చీనే చూస్తోంది.

"అంటే, నేను ఫోన్ చేసినప్పుడు ఆయన..."

"లేరమ్మా," అంది లతీఫా.

"ఏసీ చల్లగా ఉంటుంది, ఏదైనా కప్పండి అని చెప్పా రాజు గారికి."

సుబ్బరాజు తల ఎత్తలేదు.

"కప్పానమ్మా," అన్నాడు.