టీచరమ్మ కూతురి యూనిఫాం

ఆ మధ్యాహ్నం ఇంట్లో గొడవ ఏ టైలరు దగ్గరికి వెళ్లాలనే దాని మీద. వీధి చివర టైలరు ఉండగా ఇంత ఎండలో పిల్లని బస్టాండు దాకా పంపడమేమిటని నాన్న. చెప్పిన చోటికి పంపితే మీ సొమ్మేం పోయిందని అమ్మ. అక్కడ కుట్టు బాగుంటుందా అంటే చెప్పదు. వీధి చివరావిడతో ఏమైనా పడలేదా అంటే అదీ చెప్పదు. వాదించే ఓపిక తనకి లేదని నాన్న పేపరు ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు.

సంచి మాత్రం గడబిడ చేతికొచ్చింది. పదేళ్ల ఆ పిల్లకి అసలు పేరు వేరే ఉంది. ఏ పనీ నిదానంగా చెయ్యదని ఇంట్లో అందరూ అలా పిలుస్తారు.

సంచిలో కొత్త యూనిఫాం గుడ్డ ఉంది. స్కర్టుకి నీలం, చొక్కాకి తెలుపు, జేబు మీద కుట్టడానికి బంగారు రంగు బ్యాడ్జి. వచ్చే నెల నుంచి ఆరో తరగతి, ఊళ్లోకెల్లా పెద్ద ప్రైవేట్ స్కూల్లో.

బస్టాండు వైపు నాలుగడుగులు వేసి గడబిడ ఆగింది. వీధి చివరి టైలరత్త కూతురు, అందరూ బొత్తాం అని పిలిచే పిల్ల, తనతోపాటే ఐదో తరగతి పూర్తిచేసింది. బ్యాడ్జి దానికి చూపించకపోతే ఎలా? వెనక్కి తిరిగి వీధి చివరికి పరుగెత్తింది.

టైలరత్త మిషను ఆపి గుడ్డ విప్పింది. ఇది ఏ స్కూలుదని అడిగింది. గడబిడ గొప్పగా చెప్పింది. మిషను పక్కన దారపు ఉండలు సర్దుతున్న బొత్తాం తలెత్తింది.

"మరి మీ అమ్మ మా ఇంటికొచ్చి నన్ను వాళ్ల బళ్లో చేర్చమందిగా? నువ్వూ నేనూ ఒకటే బళ్లో అంది."

గడబిడకి ఆ సంగతి తెలియదు. అమ్మ ప్రభుత్వ హైస్కూల్లో లెక్కల టీచరని తెలుసు. సెలవుల్లో ఇల్లిల్లూ తిరిగి పిల్లల్ని బళ్లో చేర్పిస్తుందనీ తెలుసు. ఎవరింట్లో ఏం చెబుతుందో ఎప్పుడూ అడగలేదు.

టైలరత్త కూతుర్ని ఊరుకోమంది. గడబిడని చేతులు చాపమంది. కరెంటు స్తంభంలా ఎదిగిపోతున్నావే అని ఎప్పుడూ ఏడిపించే మనిషి, ఆ రోజు కొలతల అంకెలు తప్ప ఇంకేమీ పలకలేదు.

బస్టాండు టైలరుకే ఇచ్చావా అని ఇంటికొచ్చాక అమ్మ అడిగింది. ఇచ్చానంది గడబిడ.

మూడోరోజు సాయంత్రం టైలరత్త స్వయంగా వచ్చి, ఇస్త్రీ చేసిన యూనిఫాం బల్ల మీద పెట్టింది. అమ్మ ముఖం పాలిపోయింది.

"కుట్టు చూసుకోండి మేడమ్. మీ బడికి రాసిచ్చిన మా పిల్ల దరఖాస్తు నాకిచ్చేయండి."

అమ్మ ఏదేదో చెప్పింది. ఇంగ్లీషు కోసమేనంది, వాళ్ల నాన్న పట్టుబట్టాడంది. పక్క గదిలోంచి తొంగిచూసిన నాన్న తల వెనక్కి లాక్కున్నాడు.

"మా పిల్లకి ఇంగ్లీషు రాదేమోనని నాకూ భయమే మేడమ్. మీరు చెప్పారని ధైర్యం చేశాను."

అమ్మ బీరువా తీసి దరఖాస్తు ఇచ్చింది. టైలరత్త దాన్ని నాలుగు మడతలు పెట్టి, పిడికిట్లో పట్టుకుని వెళ్లిపోయింది.

అమ్మ తలుపు వేసి ఇటు తిరిగింది.

"నాకు అబద్ధం ఎందుకు చెప్పావు?"

"తిడతావని." గడబిడ బల్ల మీది యూనిఫాం వైపు చూసింది. "మరి నువ్వు అత్తకెందుకు చెప్పావు?"

అమ్మ చెయ్యెత్తింది. ఆ చెయ్యి తనంతట తనే కిందికి దిగింది.

రెండు రోజుల తర్వాత గడబిడ టైలరు కొట్టుకి వెళ్లింది. బొత్తాం తలెత్తకుండా చేతిలోని చొక్కాకి గుండీలు కుట్టుకుంటూ కూర్చుంది. టైలరత్తే చెప్పింది. మార్కెట్లో చెప్పుల కొట్టు పైన ఒక ప్రైవేట్ స్కూలుందట. ఉన్నవి మూడు గదులట, ఆడుకోవడానికి చోటు లేదట. పిల్లని అక్కడ చేర్చేసిందట. బాగుంటుందా అత్తా అని అడిగితే, ఇక ఎవర్నీ అడగదలుచుకోలేదంది.

ఆదివారం మధ్యాహ్నం ముగ్గురూ భోజనాలకి కూర్చున్నారు. స్కూలు బస్సు ఏ మలుపు దగ్గర ఆగుతుందో నాన్న వివరిస్తున్నాడు. గడబిడ అన్నం కలపడం ఆపింది.

"అమ్మా, మీ బళ్లో నువ్వు లెక్కలు బాగా చెప్పవా?"

"అదేం ప్రశ్న? బాగానే చెబుతాను."

"అయితే నేను అక్కడే చేరతాను."

నాన్న ఉలిక్కిపడ్డాడు. సీటు దొరకడమే గగనమైపోయిందన్నాడు, చిన్నపిల్లవి నీకేం తెలుసన్నాడు. గడబిడ అమ్మ వైపే చూస్తూ కూర్చుంది.

అమ్మ కంచంలోంచి కళ్లెత్తలేదు.

"నువ్వు చేరినంత మాత్రాన ఆ పిల్ల తిరిగి రాదే."

"తెలుసు," అంది గడబిడ. "రేపు నువ్వు ఇంకొకళ్ల ఇంటికి వెళ్తావు కదా. వాళ్లూ అడుగుతారు, మీ అమ్మాయి ఎక్కడ చదువుతోందని."

అమ్మ కంచంలో చెయ్యి కడుక్కుంది.

"రేపు పొద్దున మా బళ్లో దీని పేరు రాయిస్తున్నాను," అంది అమ్మ. ఆ మాట అనేటప్పుడు ఎవరి ముఖమూ చూడలేదు.