వంగపండు రంగు చుక్క

పాత ఫోన్లు కొని, తుడిచి, బాగుచేసి మళ్ళీ అమ్మే ఆ కొట్లో కౌంటరు దగ్గర కూర్చునేది ఆమె. కొత్త ఫోను కొనేవాళ్ళు ధర అడుగుతారు, కొనుక్కుని పోతారు. పాత ఫోను కోసం వచ్చేవాళ్ళు అలా కాదు, ముందు స్టూలు మీద కూర్చుని తమ కథ చెబుతారు. ఒకాయనకి ఇయర్‌ఫోన్ గుచ్చుకునే కన్నం ఉన్నదే కావాలి. ఒకావిడకి వెనక మూత ఊడదీసి బ్యాటరీ మార్చుకునేది కావాలి. ఇంకొకాయన లెక్కలో రేడియో లేని ఫోను అసలు ఫోనే కాదు. ఉన్నన్నాళ్ళూ ఎవరూ పట్టించుకోని వాటికి, పోయాక ఇంత గిరాకీ ఏమిటా అని ఆమెకి నవ్వొచ్చేది.

ఒక సాయంత్రం రిటైరైన బస్సు డ్రైవరు ఒకాయన వచ్చాడు. ఆయనకి రిమోటు ఉన్న ఫోను కావాలట. ఒకప్పుడు కొన్ని ఫోన్లకి నెత్తిన నల్లటి చిన్న గాజుచుక్క ఉండేది. లోపల బల్బుంటుంది, దాంతో టీవీలు, ఏసీలు నడిపేవాళ్ళు. ఇప్పుడొచ్చే వాటిలో అది కనబడటం గగనమైపోయింది.

"టీ కొట్లో అందరూ నోళ్ళు తెరుచుకుని వార్తలు చూస్తుంటే, నేను మూల కూర్చుని పిల్లల బొమ్మల ఛానెల్ పెట్టేవాణ్ణమ్మా," అన్నాడు డ్రైవరు. "కొట్టువాడు రిమోటుని అరచేతికేసి కొట్టడం, ఊదడం, చివరికి దాన్ని బతిమాలుకోవడం. ఎవరికీ దెబ్బ తగలదు, ఎవరికీ నష్టం లేదు. అలాంటి సరదా ఇప్పుడేదీ?"

"దొరికితే కబురు చేస్తాలెండి, బాబాయిగారూ," అంది ఆమె నవ్వుతూ.

ఆమె భర్త పళ్ళసెట్లు చేసే ల్యాబులో పనిచేస్తాడు. ఊళ్ళో సగంమంది ముసలివాళ్ళు ఆయన చేసిన పళ్ళతోనే నవ్వుతుంటారు. ఆయన పళ్ళు మాత్రం పెళ్ళయ్యాక ఆమె పెద్దగా చూసింది లేదు. మనిషి మంచివాడే. కోప్పడడు, వంటకి వంకపెట్టడు, అడిగినదానికి జవాబు చెబుతాడు. నవ్వడు, అంతే. ఆమెని పిలిచేటప్పుడు కూడా "ఇదిగో" అంటాడు. ఆయనకిది రెండో పెళ్ళి. మొదటి భార్య జబ్బు చేసి పోయింది. ఆ మాట పెళ్ళిచూపుల నాడు ఎవరో చెప్పారు, ఆ తర్వాత ఇంట్లో ఎవరూ ఎత్తలేదు.

ఆ రాత్రి భోజనాల దగ్గర, మాటలు కరువై, ఆమె డ్రైవరు కథ చెప్పింది. ఆయన చెయ్యి కంచంలో ఆగిపోయింది. తర్వాత భుజాలు కదిలాయి. పొరబోయిందేమోనని ఆమె నీళ్ళ గ్లాసు అందుకునేసరికి ఆయన నవ్వుతున్నాడు. పైపళ్ళు, కిందిపళ్ళు, దవడపళ్ళు, అన్నీ కనిపించేలా.

"మా పిచుక కూడా అచ్చం అంతే," అన్నాడు కళ్ళు తుడుచుకుంటూ. "నేను మ్యాచ్ చూస్తుంటే వంటింటి గుమ్మంలో నించుని, సరిగ్గా వికెట్ పడే టైముకి కుక్కర్లు అమ్మే ఛానెల్ పెట్టేది. నాకు తెలీదుగా. రిమోటు బ్యాటరీలు మార్చాను. టీవీ మెకానిక్కుని పిలిపించాను. వాడు మొత్తం విప్పి కూర్చుంటే, వాడికి టీ కూడా అదే పెట్టి ఇచ్చింది, ఏమీ ఎరగనట్టు." మళ్ళీ నవ్వాడు. "కిచకిచమని నవ్వేది. అందుకే పిచుక."

ఆమె కూడా నవ్వింది. లోపల మాత్రం ఒళ్ళు భగ్గుమంది. రెండేళ్ళుగా ఈ ఇంట్లో వండుతోంది, ఉతుకుతోంది, పక్క పంచుకుంటోంది. ఆ నవ్వులో పావు వంతు తనకెప్పుడూ దక్కలేదు. అది పోయిన మనిషికి దక్కింది, పైగా ముద్దుపేరుతో సహా. బతికున్న సవతితో అయితే జుట్టూ జుట్టూ పట్టుకోవచ్చు. పోయినదానితో ఏం పట్టుకుని పోట్లాడాలి?

ఆ వారంలోనే కొట్లో విడిభాగాల పెట్టె అడుగున ఆమెకి ఒక పాత ఫోను దొరికింది. నెత్తిన నల్లటి గాజుచుక్క ఉంది. రిపేరు బల్ల దగ్గర పనిచేసే పెద్దాయనకి చెప్పి ఇంటికి పట్టుకెళ్ళింది. అందులో తమ టీవీ కంపెనీ పేరు వెతికి పెట్టుకుంది. ఇలాగైనా ఆయన ఒకసారి వెనక్కి తిరిగి, తన మొహం చూసి నవ్వుతాడని ఆశ.

వాళ్ళ హాల్లో సోఫా టీవీకి ఎదురుగా ఉంటుంది. సోఫా వెనక వంటిల్లు. ఆయన మ్యాచ్‌లో మునిగిపోయి ఉండగా ఆమె గుమ్మంలో నించుని నొక్కింది. ఛానెల్ మారింది. ఎర్రచీర కట్టుకున్న ఒకావిడ కుక్కరు మూత తెరిచి చూపిస్తోంది.

ఆయన కదల్లేదు. టీపాయి మీద రిమోటు జోలికి పోలేదు. కాసేపటికి ఆయన భుజాలు కదలడం మొదలైంది.

"పిచుకా..." అన్నాడు మెల్లగా, టీవీ వైపే చూస్తూ. "ఆపవే."

వెనక్కి తిరగలేదు. తిరిగితే ఆమె కనిపించేది. 'నేనండీ' అని ఒక్క మాట అంటే సరిపోయేది. ఆమె అనలేదు. ఆ నవ్వు ఆగిపోతుందని భయమేసింది. ఫోను కొంగులో దాచుకుని, వంటింట్లో దీపం వేసుకుని కూర కలపడానికి పోయింది.

ఆ తర్వాత రోజూ అదే వరస. సాయంత్రమైతే ఆమె గుమ్మంలో నించుని నొక్కేది, ఆయన నవ్వేవాడు. ల్యాబు నుంచి తొందరగా వచ్చేస్తున్నాడు. గడ్డం గీసుకుంటున్నాడు, తల దువ్వుకుని మరీ టీవీ ముందు కూర్చుంటున్నాడు. ఒకరోజు ఆమె వచ్చి పక్కన కూర్చోబోతే, "ఇదిగో, కాస్త ఆ కుర్చీలో కూర్చో," అన్నాడు మర్యాదగానే. సోఫాలో ఆ పక్క చోటు ఖాళీగా ఉంచాడు.

కష్టం తనది, పేరు సవతిది. ఆమెకి తన బొటనవేలి మీదే అసూయ పుట్టింది. ఇక చాలనుకుంది. మర్నాడు ఫోను కొట్టుకి తెచ్చేసి, బస్సు డ్రైవరుకి కబురు చేసింది.

డ్రైవరు సంబరంగా వచ్చి, కొట్లో గోడ మీద టీవీకేసి ఫోను చూపించి నొక్కాడు. ఏమీ కాలేదు. మళ్ళీ నొక్కాడు.

"ఇది పనిచెయ్యట్లేదేంటమ్మా?"

"నిన్న సాయంత్రం దాకా పనిచేసింది, బాబాయిగారూ. ఇలా ఇవ్వండి."

రిమోటు పనిచేస్తోందో లేదో చూడటం చిటికెలో పని. దాని వెలుగు మన కంటికి ఆనదు కానీ, ఫోన్లో సెల్ఫీ కెమెరాకి ఆనుతుంది. ముందు టీవీ అసలు రిమోటుని తన సెల్ఫీ కెమెరా ముందు పెట్టి నొక్కింది. తెర మీద వంగపండు రంగు చుక్క మినుకుమినుకుమంది. పక్కకి తిప్పితే మసకబారింది. సూటిగా కెమెరా వైపు పెడితే బఠాణీ గింజంత అయింది. తర్వాత పాత ఫోను పెట్టింది. నొక్కింది. చుక్క లేదు. ఎటు తిప్పినా లేదు.

రిపేరు బల్ల దగ్గర పెద్దాయన దాన్ని అందుకుని మూత విప్పాడు. భూతద్దం పెట్టుకుని చూశాడు.

"ఇందులో ఆ బల్బే లేదమ్మా. ఎవరో ఎప్పుడో పీకేశారు. చూడు, ఆ గుంటలో దుమ్మెంత గట్టిపడిపోయిందో. దీంతో టీవీ ఎలా నడిపావు నువ్వు?"

ఆమె ఫోను వెనక్కి తీసుకుంది. తను నొక్కిన ప్రతిసారీ ఛానెల్ మారింది. ఒక్కసారి కూడా తప్పలేదు. తను గుమ్మంలో నించున్నప్పుడు, వెనక వంటింట్లో దీపం ఎప్పుడూ ఆర్పేసే ఉండేది. ఆ చీకట్లోకి తను ఒక్కసారి కూడా తిరిగి చూడలేదు.

సాయంత్రం వాన పట్టుకుంది. ఇంటికి చేరేసరికి తడిసి ముద్దయింది. గుండె గట్టి చేసుకుని ముందు వంటింట్లో దీపం వేసింది. ఎవరూ లేరు. గిన్నెలు గిన్నెల చోటే ఉన్నాయి. కిటికీ వేసే ఉంది. కానీ ఒక వాసన మాత్రం ఉంది. చాలాసేపు ఆడిన పాత టీవీ వెనక దుమ్ము వేడెక్కితే వచ్చే వాసన. వంటింట్లో టీవీ ఎందుకుంటుంది?

ఆయన అప్పటికే తల దువ్వుకుని సోఫాలో కూర్చుని ఉన్నాడు. ఆమె ఈసారి అడక్కుండా వెళ్ళి ఆ ఖాళీ చోట్లో కూర్చుంది. ఆయన అటూ ఇటూ జరిగాడు కానీ ఏమీ అనలేదు. మ్యాచ్ నడుస్తోంది. ఆమె రెండు చేతులూ ఒళ్ళోనే ఉన్నాయి. టీవీ రిమోటు టీపాయి మీద ఉంది.

"ఏవండీ, మీకొకటి చెప్పాలి," అంది గొంతు తగ్గించి. "ఇన్నాళ్ళూ ఛానెల్ మార్చింది..."

వెనకాల చిన్న చప్పుడయింది. దీపం స్విచ్చి చప్పుడు. వంటింటి వెలుగు ఆరిపోయింది.

ఛానెల్ మారింది. ఎర్రచీరావిడ... కుక్కరు...

ఆయన భుజాలు కదిలాయి. "వచ్చావూ," అన్నాడు.

ఆమెకి వెనక్కి తిరగాలని ఉంది. మెడ తిరగలేదు. ఒళ్ళో ఉన్న తన ఫోను తీసి, సెల్ఫీ కెమెరా తెరిచి, మొహం ముందుకి ఎత్తింది. తెర మీద తన మొహం, పక్కన నవ్వుతున్న ఆయన మొహం. ఇద్దరి తలల మధ్యగా వంటింటి గుమ్మం, నల్లగా.

ఆ నలుపులో వంగపండు రంగు చుక్క.

మసకగా ఉంది. సరిగ్గా ఒక ఆడమనిషి చెయ్యెత్తి పట్టుకునేంత ఎత్తులో ఉంది. మినుకుమంది. టీవీలో గొంతు పెరిగింది. మినుకుమంది. తగ్గింది. ఆడుకుంటోంది.

"ఏవండీ... గుమ్మంలో..."

"ష్," అన్నాడు ఆయన. "బెదరగొట్టకు దాన్ని."

బెదరగొట్టకట. భయం వేస్తున్నా ఆమెకి ఆ మాట చుర్రుమంది. వానలో తడిసి వచ్చింది తను. వణుకుతున్నది తను. ఆయన బెంగంతా గుమ్మంలో ఉన్నదాని మీద. దాంతో ఉన్న కాస్త భయమూ పక్కకి పోయి, ఇన్నాళ్ళ కడుపుమంట నోటిదాకా వచ్చింది.

"ఇది నా ఇల్లు," అంది తెర మీది చుక్కతో. గుసగుసే, కానీ గట్టిగా. "ఈయన నా మొగుడు. నువ్వు పోయావు. పో."

చుక్క ఆగింది.

తర్వాత... మెల్లగా... పెద్దదవడం మొదలుపెట్టింది. మిరియం గింజంత. కంది గింజంత. అది దగ్గరికి రావడం లేదని ఆమెకి తెలుసు. పొద్దున్నే కొట్లో తనే తిప్పి చూసింది. చుక్క ఎప్పుడు పెరుగుతుందో ఆమెకి తెలిసినంత బాగా ఎవరికీ తెలీదు.

బఠాణీ గింజంత.

అది ఇప్పుడు టీవీ వైపు లేదు.

మినుకుమంది.

"ఏవం..." అంది ఆమె. మాట సగంలో తెగిపోయింది. నోరు తెరిచే ఉంది, పెదవులు కదులుతున్నాయి, గొంతులోంచి గాలి కూడా వస్తోంది. చప్పుడు లేదు. టీవీ మాత్రం శుభ్రంగా మాట్లాడుతోంది. వాన చప్పుడు వినిపిస్తోంది. ఆమె ఒక్కతే వినిపించడం లేదు.

ఆయన ఓరగా చూశాడు. కదులుతున్న ఆమె పెదవులు చూసి, అంతా అర్థమైనట్టు పకపకా నవ్వాడు.

"చాలే, పిచుకా," అన్నాడు ముద్దుగా, ఆమె తల మీదుగా గుమ్మం వైపు. "పాపం, దీన్ని ఏడిపించకే. దీనికి సరదాలు తెలీవు."

ఆమె ఆయన చెయ్యి పట్టుకుంది. గోళ్ళు దిగేలా పట్టుకుంది. నేనండీ, నేను, ఇక్కడున్నాను, అని అరిచింది. నిశ్శబ్దం.

మళ్ళీ మినుకుమంది.

ఈసారి గొంతు వచ్చింది. ముందు సన్నగా, గొంతు అడుగున ఎక్కడో గింజ పగిలినట్టు... తర్వాత ధారాళంగా. కిచకిచ. కిచకిచకిచ. ఆమె నవ్వాలనుకోలేదు. ఆమె అలా ఎన్నడూ నవ్వి ఎరగదు.

ఆయన నవ్వు ఆగిపోయింది. మెల్లగా ఆమె వైపు తిరిగాడు. పెళ్ళయ్యాక మొదటిసారి, పూర్తిగా, ఆమె మొహం చూశాడు. చూస్తూ చూస్తూ మళ్ళీ నవ్వాడు. పైపళ్ళు, కిందిపళ్ళు, దవడపళ్ళు. ఇన్నాళ్ళూ ఆమె కోరుకున్న నవ్వు అదే. ఇంత దగ్గరగా, తన వైపే. ఆయన కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"రేపు కూడా ఉంటావుగా?" అన్నాడు.

ఫోను ఇంకా ఆమె చేతిలోనే ఉంది. తెర మీద ఇద్దరు మనుషులు ఒకరినొకరు చూసి నవ్వుతున్నారు. వాళ్ళ వెనక గుమ్మంలో చుక్క లేదు. అక్కడ ఇప్పుడు ఎవరో నించుని ఉన్నారు. తడిసిన జుట్టు, తడిసిన చీర, తెరిచి ఉన్న నోరు. కదులుతున్న పెదవులు.

"ఉంటాను," అంది సోఫాలో కూర్చున్న మనిషి.