రోకలి మోగే రేవు

పొద్దువాలాక మార్ల్ దొర తోట రేవుకి ఎవరూ వెళ్ళేవారు కాదు.

పగలు చూస్తే అక్కడ భయపడాల్సిందేమీ లేదు. ఏటి ఒడ్డున విరిగిన చెక్కల రేవు, దాని వెనక మనిషెత్తు రెల్లు, రెల్లు దాటితే దొరలు వదిలేసిపోయిన పెద్ద ఇల్లు. ఇంటి పెరట్లో ఒక చెక్క రోలు. అంతే. ఓక్ చెట్లకి బూడిదరంగు నాచు జడల్లా వేలాడుతుంటుంది... ఆ తీరపు దీవులన్నిట్లోనూ వేలాడేదే.

కానీ చీకటి పడితే ఆ పెరట్లోంచి రోకటిపోటు వినబడేదట. దీపం ఉండదు, మాట ఉండదు. ధమ్... ధమ్... ఎవడైనా గుండె దిటవు చేసుకుని దగ్గరికి పోతే — చీకట్లోంచి ఆడగొంతు గుసగుసలాడుతుంది.

"పో... పారిపో..."

అది బైనా దెయ్యమని అమెరికాలోని దక్షిణ కరోలినా తీరంలో ఆ దీవి జనం అందరికీ తెలుసు.

బానిసత్వం మీద ఉత్తరాదికీ దక్షిణాదికీ యుద్ధం మొదలయ్యాక, ఉత్తరాది ఓడలు ఫిరంగులు పేల్చిన రోజున దొరలు ఇళ్ళు వదిలి పారిపోయారు. మార్ల్ దొర తన బానిసలందరినీ పడవలెక్కించి అవతలి ఒడ్డుకి తోలుకుపోదామనుకున్నాడు. సగంమంది రెల్లులో దూరారు. వంటమనిషి బైనా మాత్రం దాక్కోలేదు, పడవా ఎక్కలేదు. "గింజ సగమే దంచాను. నేనెక్కడికీ రాను" అంటూ రోకలి ఎత్తింది. బానిసల మీద పెత్తనం చేసే ఓవర్సీరు తుపాకీ ఎత్తాడు. పేలిన చప్పుడు రెల్లులో ఉన్నవాళ్ళంతా విన్నారు. పడవలు పోయాక వచ్చి చూస్తే రోలు పక్కన నెత్తురుంది. మనిషి లేదు. ఏట్లో పారేసి ఉంటారన్నారు.

రెల్లులో మోకాలిలోతు బురదలో కూర్చుని ఆ పేలుడు విన్నవాళ్ళలో బైనా కొడుకు ప్రైమస్ ఒకడు.

* * *

ఆ తర్వాతి ఏడు ఉత్తరాది సైన్యం ఆ దీవుల్లో నిన్నటి బానిసలతోనే ఒక వాలంటీర్ల కాల్బలం కట్టింది. ఎవరూ బలవంతం చెయ్యలేదు. తమంతట తామే వచ్చి పేరు చెప్పుకుని తుపాకీ పుచ్చుకున్నారు. ప్రైమస్ అందరికంటే ముందు వచ్చినవాళ్ళలో ఉన్నాడు. మాట తక్కువ మనిషి. రాత్రుళ్ళు సరిగ్గా నిద్రపోడు. లేచి తుపాకీ తుడుచుకుంటూ కూర్చుంటాడు.

"అది తుపాకీరా, పెళ్ళాం కాదు. పక్కన పెట్టి పడుకో" అని ఏడిపించేవాడు అతని గుడారంలోనే ఉండే సిపియో.

ఏటికి అవతల దక్షిణాది సైన్యం, ఇవతల వీళ్ళు. రేవుల వెంబడి కాపలా. అన్ని చోట్లా గట్టిగా నిలబడ్డవాళ్ళే మార్ల్ దొర రేవు దగ్గరికి వచ్చేసరికి నీరుగారిపోయేవారు. సిపియోకి నోరు ఎక్కువే గానీ, ఒక రాత్రి అక్కణ్ణించి టోపీ పారేసుకుని మరీ పరిగెత్తుకొచ్చాడు. ఇంకో ఇద్దరూ అంతే. కైరో అనేవాడు మాత్రం పరిగెత్తలేదు. "దెయ్యమో గియ్యమో, దాని మొహం చూసే వస్తా" అని ముందుకి పోయాడు.

తెల్లారాక అతను ఏటిపాయలో తేలాడు. ఒంటిమీద గుండు దెబ్బ లేదు. మెడ చుట్టూ మాత్రం ఎర్రటి గీత. బైనా వేళ్ళ గుర్తులన్నారు.

కెప్టెన్ హోల్కమ్ ఉత్తరాది తెల్లవాడు. మంచివాడే. ఆ సాయంత్రం కంపెనీని నిలబెట్టి, గొంతు పెంచకుండానే చెప్పాడు. "ఇంకొక్కసారి ఆ కాపలా ఖాళీ అయిందంటే, మీరు సిపాయిలుగా పనికిరారని పైవాళ్ళు అంటారు. తుపాకులు లాక్కుని, మట్టి తవ్వమని పారలిస్తారు. అప్పుడు నేనేం చెప్పినా వినరు."



సార్జెంటు లైమస్ నెరిసిన గడ్డం మనిషి. అందరికీ మామే. "ఎవరు పోతార్రా?" అన్నాడు.

"నేను పోతా మామా" అన్నాడు ప్రైమస్.

లైమస్ అతనికేసి అదోలా చూశాడు. "నువ్వొద్దురా. అది... మీ అమ్మ."

"అందుకే."

సిపియో నేలకేసి ఉమ్మేసి ముందుకొచ్చాడు. "వీడొక్కణ్ణీ పంపిస్తే పొద్దున్న వీణ్ణి మోసుకొచ్చేది మళ్ళీ నేనే. నేనూ పోతా."

* * *

ఆ రాత్రి వెన్నెల లేదు. ఏటి మీద మంచు పొగలా పాకుతోంది. ఎక్కడో కప్పలు అరిచి, ఉన్నట్టుండి ఆగాయి.

ఇద్దరూ రేవుకి ఎడంగా ఓక్ చెట్టు మొదట్లో నిలబడ్డారు. సిపియో మాటిమాటికీ వెనక్కి చూస్తున్నాడు.

"ప్రైమస్... ఒకవేళ నిజంగా మీ అమ్మే అయితే?"

"అయితే?"

"కొడుకని గుర్తుపడుతుందా?"

ప్రైమస్ రెల్లుకేసి చూశాడు. ఆ రోజు రెల్లులోంచి లేచి ఉంటే ఏమయ్యేదో... రోజూ వచ్చే ఆలోచనే మళ్ళీ వచ్చింది. తనూ చచ్చేవాడు. అంతేగా. అంతేనా?

అప్పుడు మొదలైంది.

ధమ్... ధమ్...

సిపియో అతని చెయ్యి పట్టుకున్నాడు.

ధమ్... ధమ్... ఆగి... ధమ్.

ప్రైమస్‌కి ఆ పోటు తెలుసు. రోకటిపోటు ఏ ఇద్దరాడవాళ్ళదీ ఒకలా ఉండదు. రెండు పోట్లు వేసి, చేత్తో గింజని లోపలికి తోసి, మూడోది వెయ్యడం... చిన్నప్పుడు ఆ చప్పుడుకే నిద్ర లేచేవాడు. ఆ చప్పుడుకే నిద్రపోయేవాడు.

"అమ్మదే" అన్నాడు.

"పోదాం పదరా..." సిపియో అతని చెయ్యి గుంజాడు.

"నువ్విక్కడే ఉండు. పారిపోతే మాత్రం నేనే కాలుస్తా."

తుపాకీ ముందుకి పట్టుకుని కదిలాడు. పెద్దింటి నీడలో అడుగుపెట్టాడు. పెరట్లో ఒక నల్లటి ఆకారం... వంగుతోంది, లేస్తోంది. వంగుతోంది, లేస్తోంది. మొహం లేదు. చీకటే.

ధమ్... ధమ్...

"పో..." అంది ఆ ఆకారం. "పో బిడ్డా... పారిపో..."

వెనక్కి తిరిగి పరిగెత్తాలని అతని ఒళ్ళంతా కొట్టుకుంది. అయినా నిలబడ్డాడు. దెయ్యమైతే కానీ... తనని చంపితే చంపనీ. ఆ రోజు రాలేకపోయిన దగ్గరికి ఇవాళ వచ్చాడు.

"అమ్మా" అన్నాడు మెల్లగా. "నేనే. ప్రైమస్‌ని."

రోకలి గాల్లో ఆగిపోయింది.



అప్పుడు రెల్లులోంచి మగగొంతు ఒకటి కసిరింది. "ఆపావేంటే ముసలిదానా? కానీ!"

తాడు బిగుసుకున్న చప్పుడు. ఆకారం తూలి, నిలదొక్కుకుంది. రోకలి మళ్ళీ పడింది.

ధమ్... ధమ్...

దెయ్యానికి తాడెవడు కడతాడు?

ప్రైమస్ చప్పున నేలమీద బోర్లా పడుకున్నాడు. మోచేతులతో పాక్కుంటూ రోలు మొదటికి చేరాడు. ఆమె పాదం తగిలింది. వెచ్చగా ఉంది. బురదతో, పగుళ్ళతో... వెచ్చగా.

"చచ్చిపోయావన్నారు" అన్నాడు.

"చావనివ్వలేదురా." ఆమె ఒక్కో మాటా ఒక్కో పోటు కింద దాచి చెబుతోంది. ధమ్. "తుంటికి తగిలింది." ధమ్. "వంటమనిషిని వదులుకుంటారా? పడవలో పడేసుకు పోయారు." ఆగి, ధమ్. "నువ్వు బతికున్నావా... నిన్నూ చంపారన్నారు..."

ఆమె ఏడవలేదు. ఏడిస్తే పోటు తప్పుతుంది.

"వాడు ఒక్కడేనా?"

"ఇక్కడ ఒక్కడు. తాడు కొస వాడి చేతిలో ఉంది." ధమ్. "ఇద్దరు దీవిలోకి పోయారు. మీ ఫిరంగులు ఎక్కడున్నాయో చూసి వస్తారు." ధమ్. "నేను దంచితే మీ కాపలావాళ్ళు భయపడి పోతారని నన్ను తెస్తున్నారు. పోనివాళ్ళని..." పోటు ఒకటి తడబడింది. "ఒక కుర్రాడు పోలేదురా. పొమ్మన్నాను. ఎంత చెప్పినా పోలేదు. ఈ తాడే వేశారు వాడి మెడకి."

ప్రైమస్‌కి అప్పుడు తెలిసింది. తనవాళ్ళంతా ఇన్నాళ్ళూ ఏ మాటకి హడలి చచ్చారో, ఆ మాటే వాళ్ళని కాపాడింది.

"పారిపోయి రావచ్చుగా అమ్మా!"

"మిండా అక్కడుంది. అవతలి రేవు గుడిసెలో. నేను తిరిగి పోకపోతే దాన్ని అమ్మేస్తారు."

మిండా అతని చెల్లెలి కూతురు. చెల్లెలు కాన్పులోనే పోయింది. ఆ పిల్లని పెంచింది బైనాయే.

ప్రైమస్ లేచాడు. తుపాకీ రోలుకి ఆనించి, వంగి ఉన్న తల్లి వెనకగా నిలబడి, రోకలి మీద ఆమె చేతుల పైన చేతులు వేశాడు. చిన్నప్పుడు అలాగే దంచేవాడు.

ధమ్... ధమ్... ఆగి... ధమ్.

"నాకు వదిలెయ్. చెట్టు కింద సిపియో అనేవాడున్నాడు. వాడికి చెప్పి లైమస్ మామని పిలిపించు."

ఆమె నడుము తాడు విప్పుతుంటే ఒక చేత్తోనే దంచాడు. విప్పిన తాడుని రోలుకి చుట్టింది. ఒక కాలు ఈడ్చుకుంటూ చీకట్లోకి పాకిపోయింది.

ప్రైమస్ దంచాడు.

ఖాళీ రోలు. భుజాలు మండిపోతున్నాయి. పోటు తప్పితే వాడు వచ్చి చూస్తాడు. వాడొస్తే తుపాకీ అందుకునేలోపు... ధమ్... ధమ్... చెట్టు వైపు నుంచి కెవ్వున ఒక కేక, సగంలోనే ఎవరో నోరు నొక్కేసినట్టు ఆగింది. సిపియో మా అమ్మని చూశాడన్నమాట, అనుకున్నాడు ప్రైమస్. అంత భయంలోనూ నవ్వొచ్చింది.

అలా ఎంతసేపు దంచాడో తెలియదు, తాడు గుంజుకుంది. రోలు కదల్లేదు.

మళ్ళీ గుంజుకుంది.

"ఏయ్... ఏం చేస్తున్నావే?" రెల్లు కదిలింది. అడుగుల చప్పుడు దగ్గరికి వస్తోంది. ప్రైమస్ దంచుతూనే ఉన్నాడు. ఇంకో పోటు... ఇంకొకటి... టోపీ అంచు కనబడింది. వాడి చేతిలో పిస్తోలు...

"ఏంటిది, నీకు గడ్డ..."

గడ్డం అనేలోపే లైమస్ మోచెయ్యి వాడి మెడ చుట్టూ పడింది. ఎటు నుంచి వచ్చారో, పదిమంది దాకా ఉన్నారు. ఒక్కరి బూటూ చప్పుడు చెయ్యలేదు.

"దంచడం ఆపకురా" అన్నాడు లైమస్ రొప్పుతూ. "మిగతా ఇద్దరూ ఈ చప్పుడు పట్టుకునే వెనక్కి వస్తారు."

వచ్చారు కూడా. దీవంతా తమదే అన్నట్టు చేతులూపుకుంటూ వచ్చి, తిన్నగా తుపాకీ మొనల మధ్య నిలబడ్డారు.

* * *

అందరూ కెప్టెన్ దగ్గరికి కబురు పంపే హడావుడిలో ఉంటే, బైనా రోలు పట్టుకుని లేచి నిలబడింది.

"పిల్ల?" అంది.

ప్రైమస్ లైమస్‌కేసి చూశాడు. లైమస్ ఏటికేసి చూశాడు. అవతలోళ్ళ పడవ రెల్లులో అలాగే ఉంది.

"చప్పుడు వినబడుతున్నంతసేపూ అవతలివాళ్ళకి అనుమానం రాదు" అన్నాడు లైమస్. "అక్కా, ఇంకాసేపు దంచగలవా?"

"తెల్లారేదాకా దంచుతా" అంది బైనా.

సిపియో తన సంచిలోంచి రెండు గుప్పెళ్ళ వడ్లు తీసి రోట్లో పోశాడు. పొద్దున ఎవరో తోటలో ఇచ్చారు. "ఖాళీ రోలు దంచితే నాకిప్పటికీ ఒళ్ళు జలదరిస్తోంది అత్తా" అన్నాడు సిగ్గుపడుతూ.

పట్టుబడ్డవాళ్ళలో తాడు పట్టుకున్నవాణ్ణి పడవ ముందు కూర్చోబెట్టి, లైమస్ వాడి వీపుకి కత్తిమొన ఆనించాడు. ప్రైమస్, సిపియో వంగి తెడ్లు వేశారు. మంచులో తమ చేతులే తమకి కనబడలేదు. వెనక రోకలి మోగుతూనే ఉంది.

"ఎవరది?" అవతలి రేవు నుంచి గొంతు.

కత్తిమొన కాస్త లోపలికి గుచ్చుకుంది.

"నే... నేనే. హైరమ్‌ని."

"తొందరగా వచ్చేశారే?"

ఆ అడిగినవాడికి జవాబు లైమస్ పిడికిలి చెప్పింది. వాణ్ణి కట్టి పడవలో పడేశారు. గుడిసెలో మొక్కజొన్న గోతాల మీద ఒక పిల్ల ముడుచుకుని పడుకుని ఉంది. ప్రైమస్ ఎత్తుకుంటే కళ్ళు తెరిచింది. అరవబోయింది.

"విను" అన్నాడు ప్రైమస్.

ఏటి మీంచి వినబడుతోంది. ధమ్... ధమ్... ఆగి... ధమ్.

"అమ్మమ్మ" అంది పిల్ల. అతని మెడ మీద తల వాల్చేసింది.

మంచులో దారి కనబడకపోయినా ఆ చప్పుడునే నమ్ముకుని పడవని ఇవతలికి తెచ్చారు. మిండాని ఒళ్ళో పెట్టాకే బైనా చేతులు రోకలి వదిలాయి. వేళ్ళు విప్పడానికి ప్రైమస్ సాయం పట్టాల్సొచ్చింది.

* * *

వాళ్ళ తుపాకులు వాళ్ళ దగ్గరే ఉన్నాయి. బైనా కంపెనీ వంటపొయ్యి దగ్గర కుదురుకుంది. కైరోని పాతిపెట్టిన చోటు ఎక్కడో అడిగి తెలుసుకుని, ఆదివారాలు అక్కడికి కుంటుకుంటూ వెళ్ళొచ్చేది. ఎవర్నీ తోడు రానిచ్చేది కాదు.

ఎండలు ముదిరాక, అవతలి సైన్యం నుంచి పారిపోయి ఒక సిపాయి ఏరు ఈదుకుంటూ వచ్చి లొంగిపోయాడు. తిండి లేక దవడలు పీక్కుపోయి ఉన్నాయి. మార్ల్ దొర రేవు పక్కనే ఉండగా, అంత దూరం చుట్టు తిరిగి, ముసళ్ళున్న పాయలో ఎందుకు ఈదావని కెప్టెన్ అడిగాడు.

"ఆ రేవుకా!" అతను నిజంగానే వణికాడు. "మావాళ్ళెవరూ ఆ ఛాయలకే పోరండీ. అక్కడొక ముసలిది దెయ్యమై రోకలి దంచుతుంది. ముగ్గుర్ని పంపించాం... ఒక్కడూ తిరిగి రాలేదు. ఒడ్డున కాపలా ఉన్నవాణ్ణి కూడా పడవలో వచ్చి ఎత్తుకుపోయింది."

సిపియో నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. ప్రైమస్ తుపాకీ తుడవడం ఆపి తలెత్తాడు.

బైనా పొయ్యి దగ్గర్నుంచి కాలీడ్చుకుంటూ వచ్చి, వేడివేడి నూకల జావ గిన్నె ఆ కుర్రాడి చేతుల్లో పెట్టింది.

"తిను బిడ్డా" అంది. "నేను దంచినవే."