ఇసుక అంటని కయాక్

మునిగిపోయిన ఏజెంటు గజ ఈతగాడు. అదే చీఫ్‌కు మింగుడుపడటం లేదు.

"అలల్లేవు, గాలి లేదు, కొత్త కయాక్. అయినా సగం దారిలో మునిగాడు," అన్నాడు చీఫ్, కిటికీ తెరలు దగ్గరికి లాగుతూ. "ఆ చలినీళ్లలో పడితే ఎంత ఈతగాడైనా కొయ్యబారిపోతాడు."

కింద లాండ్రీ షాపులో ఇస్త్రీ పెట్టెలు బుసలు కొడుతున్నాయి. పైనున్న ఈ ఇరుకు గది సీక్రెట్ సర్వీస్ హెడ్డాఫీసని లాండ్రీ యజమానికి కూడా తెలియదు.

ఏజెంట్ కొంగ నిలబడే విన్నాడు. పొడుగు మెడ వల్ల పడ్డ పేరది. అసలు పేరు ఏ ఫైల్లోనో మగ్గుతోంది.

"మిషన్ మారలేదు. లైట్‌హౌస్ దీవిలో మనవాళ్లు దాచిన మైక్రోఫిల్ము తేవాలి. విదేశీ ముఠాలో ఎవరెవరున్నారో, ఆ ముఖాలన్నీ అందులో ఉన్నాయి. మోటారు బోటయితే రాడార్‌కు దొరికిపోతుంది, ఒక్క మనిషి తెడ్డేసుకుని పోయే కయాక్ దొరకదు. నెమలి దగ్గరికి వెళ్లు. దూరం పోగలిగే మంచి టూరింగ్ కయాక్ చూసి ఎంచుకురా."

నెమలి అంటే రేవు వీధిలో పడవల షాపు నడిపే మన ఏజెంటు. డిపార్ట్‌మెంట్‌కు పడవలన్నీ ఆమె దగ్గరినుంచే వస్తాయి.

"ఈసారి వెళ్లేదెవరు సార్?"

చీఫ్ గ్యాస్ మాత్ర ఒకటి నోట్లో వేసుకున్నాడు. "మీ అక్క."

కొంగ కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. అక్క వైర్‌లెస్ సెక్షన్లో ఇంజనీరు. కయాక్ నడపడంలో ఆమెకు సాటి లేరు, నిజమే. కానీ అమ్మ పోయాక అతణ్ణి పెంచి పెద్ద చేసింది ఆమే. నా అన్నవాళ్లు అతనికి ఇంకెవరూ లేరు.

మర్నాడు పళ్ల డాక్టరు వేషంలో, జిగురు మీసం దురద పెడుతుంటే షాపులో అడుగు పెట్టాడు.

"పొడుగాటి పడవ కావాలి. తొందరేం లేదు."

"తొందర లేనివాళ్లకే పొడుగాటి పడవలు నప్పుతాయి," అంది నెమలి.

కోడ్ సరిపోయింది. ఆకుపచ్చ కళ్లజోడు, మెడ దాకా కత్తిరించిన జుట్టు, ఆమెకన్నా ముందే వచ్చి పలకరించే సెంటు. అందమైనవాళ్లంటే కొంగకు దడ. ఈ ఉద్యోగంలో వాళ్లెవరూ అతనికి కలిసిరాలేదు.

"పొట్టి పడవైతే గాలికి ముక్కు తిప్పేస్తుంది. మరీ వెడల్పుదైతే కుదురుగా ఉంటుంది కానీ ఈడ్చుకుంటూ పోతుంది. ప్లాస్టిక్‌ది రాళ్లకు తట్టుకుంటుంది, బరువెక్కువ. ఇంతకీ మోసేదెవరు?"

"పొట్టి మనిషి. ఒక్కతే మోసుకోవాలి."

"అయితే ఈ ఫైబర్‌గ్లాస్‌ది తీసుకోండి. ముందొక గది, వెనకొక గది, రెండూ గాలితో నిండి ఉంటాయి. బోల్తా పడినా మనిషిని తేల్చేది ఆ గాలే. ఇది నా సొంత డెమో బోటు. మూడేళ్లుగా రోజూ సముద్రంలో తిప్పుతున్నాను." ఆమె గొంతు తగ్గించింది. "పాపం, మొన్న అతనికి కొత్తది ఇచ్చాను. మళ్లీ కొత్తది ఇవ్వడానికి చెయ్యి రావడం లేదు."

కొంగ ఆమె మాట మీదే వదిలెయ్యలేదు. షాపు వెనక నీళ్ల తొట్టిలో పడవ దింపించి, కాళ్లు ముడుచుకుని కూర్చుని అటూ ఇటూ ఊపాడు. తర్వాత రెండు గదుల మూతలూ తీసి చెయ్యి పెట్టి తడిమాడు. చుక్క తడి లేదు. అతని మనసు కాస్త కుదుటపడింది.

మధ్యాహ్నానికి ఒడ్డంతా పొగమంచు కమ్మేసింది. పదడుగుల దూరంలో ఏముందో కనిపించడం లేదు. నీళ్ల చప్పుడు కూడా ఎక్కడో గోడ అవతలినుంచి వస్తున్నట్టుంది.

"ఒరేయ్, ఆ మీసం పీకెయ్యరా. నిన్ను చూస్తుంటే నవ్వొచ్చి తెడ్డు వెయ్యలేను," అంది అక్క కయాక్‌లో సర్దుకుంటూ.

కొంగ లోపలికి చెయ్యి పెట్టి, ఆమె కాళ్లకు అందేలా ఫుట్‌రెస్టులు దగ్గరికి లాగాడు.

"అబ్బ, వెన్నలా జరిగాయే! నా పాత పడవలో ఇసుక ఇరుక్కుని, సుత్తితో కొడితే తప్ప కదిలేవి కావు. ఒక్కసారి సముద్రంలోకి దిగితే చాలు, ఎంత కడిగినా ఆ ఇసుక వదలదు."

ఆ మాట అని తెడ్డు వేసింది. పొగమంచు ఆమెను మింగేసింది.

కొంగ రుమాలుతో చేతులు తుడుచుకోబోయి ఆగాడు. తుడుచుకోవడానికేం లేదు. వేళ్లకు ఒక్క రేణువు అంటలేదు. మూడేళ్లు సముద్రంలో తిరిగిన పడవకు ఇసుక లేకపోవడమేమిటి? అంటే ఇదీ కొత్తదే, మొన్న మునిగినదానిలాగే. పాతదాన్ని కొత్తదని అంటగట్టేవాళ్లను అతను కోకొల్లలుగా చూశాడు. కొత్తదాన్ని పాతదని నమ్మించే వ్యాపారి మాత్రం అతనికి ఇంతవరకూ తగల్లేదు.

రుమాలు పారేసి నీళ్ల వైపు పరిగెత్తాడు.

"అక్కా! వెనక్కి రా! అక్కా!"

ఒడ్డున శత్రువుల చెవులుంటాయి, నోరు మెదపకూడదని రూలు. దాన్ని గాలికొదిలేశాడు. ఈత రాదన్న సంగతి కూడా మర్చిపోయి ఛాతీ లోతు దాకా నీళ్లలోకి నడిచాడు. మళ్లీ అరిచాడు.

చివరికి కయాక్ ముక్కు కనిపించింది. అది ఆకాశంలోకి లేచి ఉంది, తోక నీళ్లలో ఉంది.

"ఎందుకురా ఆ గావుకేకలు? ఈ పడవ ఎందుకో బరువెక్కు..."

మాట పూర్తి కాకుండానే వెనక భాగం బుడుంగుమంది. కొంగ ఒక చేత్తో ముక్కు తాడు, ఇంకో చేత్తో అక్క జబ్బ దొరకబుచ్చుకుని ఒడ్డుకు ఈడ్చాడు.

పడవ తిరగేసి చూశారు. అడుగున నీళ్లు తీసెయ్యడానికి ముందొకటి, వెనకొకటి రెండు బిరడాలుండాలి. వెనకది లేదు, చిల్లు మాత్రం ఉంది. ముందున్న లోహపు బిరడా సోడాలా నురగలు కక్కుతూ వాళ్ల కళ్లముందే కరిగిపోతోంది.

"ఉప్పునీళ్లు తగిలితే కరిగే లోహం," అంది అక్క, పళ్లు టకటకలాడుతుంటే. "షాపు తొట్టిలో మంచినీళ్లే కదూ?"

కొంగ తలూపి, అక్కను పట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు.

ఆమె అతని వీపు నిమిరింది. తర్వాత టీ ఫ్లాస్కు బిరడా తీసి, చాకుతో రెండు ముక్కలు కోసి చిల్లుల్లో దిగ్గొట్టింది.

"మళ్లీ వెళ్తావా?" అన్నాడు కొంగ.

"ఫిల్ము అక్కడే ఉంది కదరా."

ఆమె తిరిగొచ్చేదాకా కొంగ ఆ రాళ్ల మీదే కూర్చున్నాడు. ప్రతి అలలోనూ అతనికి పడవ మునుగుతున్న చప్పుడే వినిపించింది. చీకటి పడుతుండగా ఆమె వచ్చి, ఫిల్ము డబ్బా అతని ఒళ్లో పడేసి, "చలేస్తోంది, పద," అంది.

ఫిల్ములో ముఠా ముఖాలన్నీ వరసగా తేలాయి. మధ్యలో ఆకుపచ్చ కళ్లజోడు ఉంది. ఆ ముఖం బయటపడకుండా ఉండేందుకే ఒక మనిషి ప్రాణం పోయింది.

మర్నాడు కొంగ షాపు తలుపు తోసేసరికి నెమలి లేచి ఎదురొచ్చింది. కళ్లలో నీళ్లు కూడా తెచ్చుకుంది.

"ఒక్కరే వచ్చారా? ఊరుకోండి, బాధపడకండి. సముద్రం ఎంత మంచి పడవకూ లొంగదు."

"ఇంకా నేనేం చెప్పనేలేదే?" అన్నాడు కొంగ.

నెమలి చెయ్యి సొరుగు మీదికి పోయింది. వెనక తలుపులోంచి వచ్చిన చీఫ్ మనుషులు ఆ చేతికి బేడీ వేసేశారు. అప్పుడు వీధిలో ఆగి ఉన్న అక్క లోపలికొచ్చి, నెమలిని ఎగాదిగా చూసింది.

"పడవ మాత్రం బంగారమండీ," అంది. "అడుగున ఆ రెండు చిల్లులు తప్ప వంక పెట్టడానికేం లేదు."