ఓటీపీ ఇవ్వని మరదలు

ఫోను మోగి మోగి మళ్ళీ ఆగిపోయింది.

"ఎత్తవే తల్లీ, ఒక్కసారి ఎత్తు!" అని ప్రింటింగ్ షాపు డిజైనరు గొణుక్కున్నాడు. ఎదురుగా కంప్యూటర్లో పోస్టరు సగంలో ఉంది. చేతిలోని ఫోన్లో షేరు ధర ఎర్రగా జారిపోతోంది.

తన షేర్లే అయితే పోతే పోయాయనుకునేవాడు. అవి వదిన చెల్లెలివి. కళ్ళజోళ్ళ షాపులో కళ్ళు పరీక్ష చేసే ఆ అమ్మాయి, సొంతంగా షాపు పెట్టుకోవాలని కడుపు కట్టుకుని దాచుకున్న డబ్బది. "మా చెల్లికి ఆ షేర్లేవో కాస్త చూసిపెట్టవయ్యా" అని వదిన అడిగితే, అన్నీ తెలిసినవాడిలా తలూపాడు మహానుభావుడు.

అకౌంటు ఆమెది. కొనేదీ అమ్మేదీ ఇతను. ఇతను యాప్ తెరిచినప్పుడల్లా ఓటీపీ మాత్రం ఆమె ఫోనుకి వెళ్తుంది. అది అడగడానికి ఫోన్ చేస్తే అంకెలు ఆరు, కబుర్లు అరవై.

నిన్న నోరు జారాడు. "నీ డబ్బు టెన్షన్‌తో నాకు నిద్ర పట్టడం లేదు. ఇక నువ్వే చూసుకో" అన్నాడు.

"అలాగే బావగారూ" అని ఆమె టక్కున ఫోను పెట్టేసింది. ఎప్పుడూ 'బావా' అనే పిల్ల 'బావగారూ' అందంటే కొంప మునిగినట్టే.

మార్కెట్ మూసేయడానికి ఇంకెంతోసేపు లేదు. ఇక కూర్చోలేక లేచాడు.

"ఎక్కడికయ్యా?" ఓనరు కేకేశాడు.

"కళ్ళ షాపుకి సార్!"

"పొద్దున బాగానే ఉన్నాయిగా?"

సమాధానం చెప్పే ఓపిక ఎక్కడిది? వానలోనే బండి తీశాడు. సిగ్నల్ దగ్గర ఆగి చూస్తే ధర ఇంకా పడింది.

నీళ్ళు కారుతూ షాపులోకి వచ్చినవాణ్ణి ఆమె ఎగాదిగా చూసింది.

"ఒక్క నిమిషం, అర్జెంటు!"

"అందరికీ అర్జెంటే. వరసలో కూర్చోండి బావగారూ."

ముందున్న ముసలాయన ఒక్కో అక్షరం కూడబలుక్కుని చదువుతుంటే ఇతనికి ముళ్ళ మీద కూర్చున్నట్టుంది. తన వంతు రాగానే ఆమె అతని ముక్కు మీద బరువైన ఫ్రేము తగిలించింది.

"కింది వరుస చదవండి."

"ఓటీపీ చెప్పు, నీకు దండం పెడతాను!"

"అది బోర్డు మీద లేదు."

"వేళాకోళం కాదే! ఇప్పుడు అమ్మకపోతే నీ షాపు..." బోర్డు వదిలేసి ఆమె వైపు తిరిగాడు. "నావల్ల నీ డబ్బు పోతే నీ మొహం ఎలా చూడను?"

ఆమె చెయ్యి ఆగింది. మెల్లగా ఫ్రేము తీసేసింది.

"పొద్దున్నే అమ్మేశాను."

"నువ్వా?"

"నేనే. కొంచెం నష్టమొచ్చింది. షాపుకి సరిపడా మిగిలిందిలే."

"నీకు అమ్మడం వచ్చా?"

"ఎప్పుడో వచ్చు."

"మరి ఇన్నాళ్ళూ నాచేత ఎందుకు చేయించావు?"

ఆమె శుభ్రంగా ఉన్న అద్దాన్నే మళ్ళీ మళ్ళీ తుడుస్తోంది. "ఓటీపీ కావాలంటే తప్ప మీకు నేను గుర్తొస్తానా? నిన్న అది కూడా వద్దన్నారు" అంది. కళ్ళు నిండిపోయాయి.

"పిచ్చిదానా! నిద్ర పట్టనిది డబ్బు కోసం కాదు. నష్టమొస్తే నాతో మాట్లాడటం మానేస్తావని భయం. నువ్వంటే నాకు ప్రాణం. చెప్పే ధైర్యం లేక షేర్ల కబుర్లు చెప్పాను."

"ఈ ముక్క చెప్పడానికి మార్కెట్ కుప్పకూలాలా బావా?" అని ఆమె కళ్ళు తుడుచుకుని నవ్వేసింది. "ఇప్పుడే అక్కకి చెప్పండి. ధైర్యం మళ్ళీ పారిపోతుంది."

అతను వదిన నంబరు నొక్కాడు.

"వదినా! నేను... మీ చెల్లెల్ని పెళ్ళి చేసుకుంటాను. మీకిష్టమైతేనే."

ఆమె చెయ్యి చాపి ఫోను స్పీకర్లో పెట్టింది.

"అమ్మ పోయాక దాన్ని నేనే పెంచానయ్యా" అంది వదిన. "నీకంటే మంచివాణ్ణి ఎక్కడ తెస్తాను? దాన్ని ఏడిపించకు. నేనడిగేది అంతే."

'సరే వదినా' అనబోయి అతను మొహం అటు తిప్పుకున్నాడు. ఆమె ఫోను లాక్కుంది.

"ఏడిపించడంలేదే అక్కా. ఇక్కడ ఆయనే ఏడుస్తున్నారు."