బొటనవేలు పట్టి లేపాలి

యుద్ధం నుంచి తిరిగొచ్చినవాళ్ల కోసం కట్టిన ఆ ఆస్పత్రిలో అన్నీ ఒకే కప్పు కింద ఉంటాయి. ఎముకల డాక్టరు, చెవుల డాక్టరు, మనసు డాక్టరమ్మ, అందరికీ కలిపి ఒకే ఫైలు. వెనకటిలా మోకాలికొక చోటికీ, పీడకలలకొక చోటికీ తిరిగే పని లేదు. బుధవారం పొద్దున్నే అందరూ ఒక పొడుగాటి బల్ల చుట్టూ కూర్చుంటారు. మనిషిని ముక్కలుగా కాకుండా మొత్తంగా చూస్తారు. మంచి పద్ధతే. వరండాలో బెంచీ మీద కూర్చున్న పెళ్లాలు మాత్రం ఆ మొత్తంలోకి రారు.

"మనం స్టాండులో పెట్టిన సైకిళ్లం," అంది ఆ బుధవారం ఒకావిడ, పక్కన మొగుడి కోసం ఎదురుచూస్తున్న ఆమెతో. "ఇక్కడిదాకా తొక్కుకుంటూ వస్తారు. లోపలికి మాత్రం తీసుకెళ్లరు."

వింటున్న ఆమె నవ్వింది. నవ్వేసరికి మణికట్టు కలుక్కుమంది. చుట్టుకున్న కట్టు కనపడకుండా స్వెట్టరు చెయ్యి కిందికి లాక్కుంది గానీ, అప్పటికే పెద్ద నర్సు చూసేసింది. ముప్ఫై ఏళ్లుగా కట్లు చూస్తున్న కళ్లు అవి.

"అమ్మాయ్, ఏంటది?"

"బట్టీ దగ్గర జారి పడ్డానక్కా."

ఆమె రొట్టెల బట్టీలో పనిచేస్తుంది. తెల్లవారుజామున మూడింటికే వెళ్లి పిండి పిసకాలి.

"బట్టీకి వేళ్లుండవు," అంది పెద్ద నర్సు. కట్టు విప్పి చూస్తే నాలుగు వేళ్ల నలుపు వరుసగా తేలి ఉంది. "మీ ఆయన నిద్రలో అరుస్తుంటే భుజం పట్టి కుదిపావా?"

ఆమె తలూపింది. తరవాత ఆయన గోడకి తల కొట్టుకుని ఏడ్చాడని కూడా చెప్పింది. ఆ సంగతి చెప్పకపోతే ఆయన్ని తప్పుగా అనుకుంటారేమోనని ఆమె భయం. చెయ్యి విరిగినా మొగుడి మర్యాద విరగకూడదుగా!

"తల వైపు నుంచి ఎప్పుడూ లేపకు. మీద పడ్డ శత్రువనుకుంటారు. కాళ్ల వైపు నిలబడు. బొటనవేలు పట్టుకుని నెమ్మదిగా నొక్కు. చెయ్యి అందనంత దూరంలో ఉంటావు, మనిషీ మెల్లగా లేస్తాడు," అని కొత్త కట్టు కట్టి పంపింది పెద్ద నర్సు.

ఆ మణికట్టు మాత్రం బల్ల దగ్గరికి వెళ్లలేదు. అది ఆ ఫైల్లోని ఎముక కాదు.

*

ఆయనకి చీకట్లో నిద్ర పట్టదు. రెండేళ్లుగా అంతే. మధ్యాహ్నం మాత్రలు మింగి, ఎండ తగ్గేవేళకి పడుకుంటాడు. ఏడేళ్ల కూతురు బడి నుంచి వచ్చి, చెప్పులు చేత్తో పట్టుకుని, మునివేళ్ల మీద ఇల్లంతా తిరుగుతుంది. ఆ పిల్ల పరిగెత్తడం ఎప్పుడు మానేసిందో ఆమెకి గుర్తే లేదు.

"మొగుడు ప్రాణాలతో తిరిగొచ్చాడు, ఇంకేం కావాలే నీకు?" అంటుంది ఫోనులో అత్తగారు. నిజమే. తిరిగొచ్చాడు. వచ్చినవాణ్ణి నిద్రపుచ్చడం ఎలాగో మాత్రం అత్తగారు చెప్పదు.

ఆ సాయంత్రం ఆయన అరుపు మొదలుపెట్టగానే ఆమె కాళ్ల వైపు వెళ్లి నిలబడింది. బొటనవేలు పట్టుకుని నొక్కింది.

అరుపు టక్కున ఆగిపోయింది.

ఆయన లేచి కూర్చున్నాడు. కేక లేదు, చెమట లేదు. కళ్లు మాత్రం ఆమెని దాటి ఎక్కడో ఉన్నాయి. "నా వంతా? వస్తున్నా," అన్నాడు నెమ్మదిగా. చేతికర్ర అందుకుని, ఇనుప కడ్డీ వేసిన కాలు ఈడ్చుకుంటూ పెరటి గుమ్మం దగ్గరికెళ్లి, కుర్చీలో కర్ర ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. చీకటి పడి రెండు గంటలయ్యేదాకా పెరటి గోడ వైపే చూస్తూ ఉండిపోయాడు.

కొట్టలేదు. ఏడవలేదు. అదే పదివేలనుకుంది ఆమె. మర్నాడూ అలాగే లేపింది. ఆ మర్నాడూ.

ఐదో రోజు ఆమె వంటింట్లో గిన్నెలు తోముతుంటే, గదిలోంచి మాట వినిపించింది. "వస్తున్నా..."

"ఇంకాస్సేపు పడుకోకపోయారా?" అంది ఆమె చేతులు తుడుచుకుంటూ.

"నువ్వేగా లేపావు."

"నేను వంటింట్లో ఉన్నానండీ. పాప పక్కింట్లో ఆడుకుంటోంది."

ఆయన దుప్పటి తీశాడు. తన కాలి వైపు చూసుకున్నాడు. ఆమె కూడా చూసింది. బొటనవేలి మీద తడిమట్టి, వేలిముద్రంత. గదిలో ఏదో వాసన. వాన వెలిసిన గుంట వాసన, దాంట్లో కలిసిన తుప్పు వాసన. వాన పడి నెల దాటింది.

*

బుధవారం ఈసారి ఆమె బెంచీ మీద కూర్చోలేదు. పిలవకపోయినా ఆయన వెనకాలే లోపలికెళ్లి, బల్ల దగ్గర నిలబడి అంతా చెప్పేసింది. ఎముకల డాక్టరు పెన్ను మూశాడు. మనసు డాక్టరమ్మ ఆయన వైపు తిరిగి, "బొటనవేలు పట్టుకుని లేపితే మీకు ఎవరు గుర్తొస్తారు?" అని అడిగింది.

రెండేళ్లలో యుద్ధం గురించి నోరు విప్పని మనిషి ఆ ఒక్క ప్రశ్నకి విప్పాడు.

"కొంగ," అన్నాడు.

ఆయనతో కలిసి కాపలా కాసిన సిపాయట. పొడుగ్గా ఉండేవాడట. ఎంతసేపు కాపలా కాసినా అలసట తెలియకుండా కాళ్లు మార్చి మార్చి ఒంటికాలి మీద నిలబడేవాడట. అందుకే ఆ పేరు. గుంటల్లో పడుకున్నవాళ్లని మాటతో లేపకూడదు. మాట అవతలివాళ్లకి వినిపిస్తుంది. వంతు వచ్చినవాణ్ణి బూటు విప్పిన కాలి బొటనవేలు పట్టి లేపాలి. అదీ అక్కడి పద్ధతి.

"ఆ రోజు పొద్దువాలాక వాడి వంతయ్యి నన్ను లేపాడు. వస్తున్నా అన్నాను. అని... మళ్లీ పడుకున్నాను." చేతికర్ర వైపు చూశాడు. "వాడు రెండోసారి లేపలేదు. పాపం అలిసిపోయాడులే అనుకుని నా వంతు కూడా వాడే నిలబడ్డాడు. తెల్లారి చూస్తే బూటొక్కటే ఉంది."

 ఫైలు తెచ్చిన పెద్ద నర్సు గుమ్మంలోనే ఆగిపోయింది. "నేనే చెప్పానమ్మా, నేనే," అంది గొణుగుతున్నట్టు.

మనసు డాక్టరమ్మ మంచిది. చాలాసేపు ఆయన చెయ్యి పట్టుకుని మాట్లాడింది. ఇది జ్ఞాపకం, మనిషి కాదు, అంది. ఇకనుంచి కాలు ముట్టుకోవద్దు, దూరంగా నిలబడి పేరుపెట్టి పిలవండి, అంది. ఎముకల డాక్టరు మోకాలి మాత్రల వేళ మార్చాడు. అన్నీ ఫైల్లో రాసుకున్నారు.

మట్టి గురించి మాత్రం ఎవరూ రాయలేదు.

*

ఆమె ముట్టుకోవడం మానేసింది. ఆ చెయ్యి మాత్రం మానలేదు.

ఆయన చిక్కిపోయాడు. తిండి సయించడం లేదు. గుమ్మంలో కూర్చోవడమే కాదు, పెరటి గోడ దాకా వెళ్లి నిలబడటం మొదలుపెట్టాడు. ఒకరోజు గోడ ఎక్కబోతుంటే పట్టుకుని ఆపింది.

"ఎక్కడికండీ?"

"వాడు ఒక్కడే ఉన్నాడే..."

ఆ మాటతో ఆమెకి తెలిసిపోయింది. ఇవాళో రేపో ఈ మనిషి గోడ దాటి వెళ్లిపోతాడు. మళ్లీ రాడు.

మర్నాడు కూతుర్ని పక్కింటికి పంపి, మంచం కాళ్ల వైపు స్టూలు వేసుకుని కూర్చుంది. ఆయన పడుకున్నాడు. కిటికీలో వెలుగు పసుపు నుంచి బూడిద రంగుకి తిరిగింది. వీధిలో ఎవరో తలుపు వేసుకున్నారు. కుళాయి చుక్క... చుక్క... తరవాత అదీ ఆగింది.

ముందు వాసన వచ్చింది. తడిమట్టి. తుప్పు.

తరవాత పెరటి వైపు నుంచి చప్పుడు. ఒక్క బూటు చప్పుడు. ఆగింది. చాలాసేపటికి ఇంకొకటి. రెండు అడుగుల మధ్య మనిషి నిలబడి ఊపిరి పీల్చుకున్నంత వ్యవధి.

గుమ్మం దాటింది...

వంటిల్లు దాటింది...

ఆమె పక్కనే ఆగింది. చెంపకి చల్లటి గాలి తగిలింది. గదిలో ఎవరూ లేరు. కానీ దుప్పటి ఆయన బొటనవేలి దగ్గర మెల్లగా... లోపలికి నొక్కుకుపోయింది. వేళ్లు కనపడలేదు. వేళ్ల గుంటలు కనపడ్డాయి.

ఆమె స్టూలు మీంచి ముందుకి వంగింది. 

"అన్నా..."

దుప్పటి మీది గుంటలు కదల్లేదు.

"ఆయన్ని పడుకోనివ్వన్నా. పాపం, అలిసిపోయాడు."

కాలు వదల్లేదు.

"ఆయన వంతు నేను కూర్చుంటా." దుప్పటి మీద ఆ గుంటల పక్కనే చెయ్యి పెట్టింది. "పని చేసే ఒళ్లే నాది. నేను కూర్చుంటా..."

దుప్పటి నెమ్మదిగా పైకి లేచింది. ముడతలు విచ్చుకున్నాయి. ఆమె ఊపిరి వదలబోయింది.

అప్పుడు ఆమె బొటనవేలిని ఎవరో పట్టుకున్నారు.

చల్లగా. మెత్తగా. ఒకే ఒక్క నొక్కు. అందులో కోపం లేదు. అదే ఎక్కువ భయపెట్టింది.

"వస్తున్నా," అంది ఆమె. కర్ర తీసుకుని పెరటి గుమ్మం దగ్గర కుర్చీలో కూర్చుంది.

ఆయన మర్నాడు పొద్దెక్కేదాకా లేవలేదు. నోరు తెరుచుకుని, పసిపిల్లాడిలా గురకపెట్టి నిద్రపోయాడు. రెండేళ్లలో అదే మొదటిసారి.

*

రెండు నెలల్లో ఆయన ఒళ్లు చేశాడు. మాత్రలు సగానికి తగ్గాయి. కూతురు ఆయన బూరె బుగ్గలు పట్టుకుని లాగితే నవ్వుతున్నాడు. ఇంట్లో పిల్ల మళ్లీ పరుగులు తీస్తోంది. బుధవారం బల్ల చుట్టూ ఉన్నవాళ్లంతా ఒకరినొకరు మెచ్చుకున్నారు. ఒకే ఫైలు పెట్టినందుకు ఫలితం వచ్చిందన్నారు. వైద్యం గుణం చూపిన మాట అబద్ధం కాదు. సగం నిజం.

వరండాలో పెద్ద నర్సు ఆమె గడ్డం పట్టుకుని ముఖం వెలుగులోకి తిప్పింది. "కళ్లకింద ఈ నలుపేంటమ్మా? నువ్వు నిద్రపోతున్నావా?"

"ఆయన పడుకుంటున్నారుగా అక్కా."

"నేనడిగింది నిన్ను."

ఆమె గడ్డం విడిపించుకుని నవ్వింది. ఏమని చెప్తుంది? రోజూ పొద్దువాలగానే, నిలబడి ఉన్నా, కూర్చుని ఉన్నా, చెప్పులోపలే బొటనవేలు చల్లగా నొక్కుకుంటుందనా? రెండు గంటలు చీకట్లో పెరటి గోడకేసి చూస్తుందనా? గోడ అవతల ఏముందో ఆమెకి తెలియదు. చూపు తిప్పకూడదని మాత్రం తెలుసు. మూడింటికి బట్టీ, పగలంతా ఇల్లు, సాయంత్రం కాపలా. ఆడవాళ్ల వంతు అందుకునేవాళ్లెవరుంటారు?

ఆ శుక్రవారం బట్టీలో ఒకమ్మాయి రాలేదు. ఇద్దరి పిండీ ఆమే పిసికింది. ఇంటికొచ్చి, పొద్దువాలేవేళకి కూతురి పక్కన నడుం వాల్చింది. ఐదు నిమిషాలేననుకుంది. పక్కగదిలోంచి ఆయన గురక హాయిగా వినిపిస్తోంది.

బొటనవేలి మీద చల్లటి వేళ్లు.

"వస్తున్నా..." అంది.

అని... మళ్లీ పడుకుంది.

కళ్లు తెరిచేసరికి ఇల్లంతా చీకటి.  పక్కన తడిమింది. పక్క చల్లగా ఉంది. కూతురు లేదు.

పెరటి తలుపు బార్లా తీసి ఉంది. కుర్చీ ఖాళీ. కుర్చీ ముందు, గుమ్మంలో, తనకంటే పొడుగున్న కర్రని రెండు చేతులతో పట్టుకుని నిలబడి ఉంది కూతురు. గోడ వైపే చూస్తోంది. ఒక కాలు మడిచి, ఒంటికాలి మీద నిలబడి ఉంది.

"పాపా... లోపలికి రామ్మా. అమ్మ వచ్చేసిందిగా."

పిల్ల తల తిప్పలేదు.

"హుష్... నువ్వు లేవలేదని పొడుగు మామయ్య నన్ను లేపాడు. ఇంకా నా వంతు అవలేదు."

ఆమె పిల్ల భుజం మీదుగా పెరట్లోకి చూసింది. వీధి దీపం వెలుగులో, ఆరిన నేల మీద తడిమట్టి గుర్తులు గోడ వైపు వెళ్తున్నాయి. ఒంటికాలి బూటు గుర్తులు. వాటి పక్కనే చిన్న పాదం గుర్తులు, అవీ ఒంటికాలివే. రెండూ కలిసి గోడ దాకా వెళ్లాయి.

చిన్న పాదం తిరిగొచ్చిన గుర్తు ఒక్కటీ లేదు.

కర్ర పట్టుకున్న పిల్ల మెల్లగా కాలు మార్చి, రెండో కాలి మీద నిలబడింది.